కూర్చున్న కొమ్మను నరుక్కోకుండా

గ్రంథానికి ప్రతి ఎత్తడం వేరు, గ్రంథాన్ని దిద్దడం వేరు. ప్రతి ఎత్తే లేఖకుడు పొరపడితే ఆ ఒక్క ప్రతి చెడుతుంది, మాతృక క్షేమంగానే ఉంటుంది. మాతృకనే దిద్దబోయిన వాడి చేయి జారితే మాత్రం తిరిగి చూసుకోవడానికి ఏమీ మిగలదు. మా పండిత శిక్షణ రోజుల్లో గ్రంథపరిష్కరణ గురించి చెబుతూ గురువులు ఈ భేదాన్ని పదే పదే గుర్తుచేసేవారు. ఈ మధ్య నేను చదువుతున్న ఒక చరిత్రలో ఇదే భేదం ఇంకొంత పదునుగా ఎదురయింది. అది అంతర్జాలాన్ని నడిపే రూటర్ల అమరికలను దూరం నుంచి దాచుకోవడం, దూరం నుంచే మార్చడం అనే విద్య చరిత్ర. తెలుగు మాస్టారికి రూటర్లతో పనేమిటని అడుగుతారేమో! మా అబ్బాయిది ఆ వృత్తి. వాడు ఇంట్లో ఫోనులో మాట్లాడే మాటల్లో సగం నాకు అర్థమయ్యేవి కావు. అర్థం కాని మాటకు నిఘంటువు వెదకడం నా వృత్తి.

మిత్రులలో చాలామందికి ఇది కరతలామలకమే అయినా, నావంటి వారికోసం రెండు మాటలు. రూటరు అంటే నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి, వచ్చిన ప్రతి మూటనూ దాని చిరునామా చూసి సరైన దారిన పంపే యంత్రం. ఏ తీగకు ఏ చిరునామా, ఏ ఊరికి ఏ దారి, ఎవరిని రానివ్వాలి, ఎవరిని ఆపాలి అన్న వివరాలన్నీ దానికి ముందుగా రాసి ఇవ్వాలి. ఆ రాతనే అమరిక అంటున్నాను. అది కొన్ని వందల పంక్తులుండే పాఠం. యంత్రం కాలిపోతే మరొకటి కొనవచ్చు. ఆ పాఠం పోతే మాత్రం, ఏళ్ల తరబడి ఎందరో పొరలు పొరలుగా రాసుకుంటూ వచ్చిన దాన్ని ఎవరి జ్ఞాపకం నుంచి తిరిగి రాయగలం?

కాబట్టి ప్రతి ఉంచుకోవాలి. ఇది తేలికగా తెలిసే విషయం. తేలిగ్గా తెలియనిది మరొకటుంది. దూరాన ఉన్న రూటరును మార్చాలంటే మన ఆదేశం ఆ రూటరు గుండానే, అది చూపిన దారినే వెళ్లాలి. మార్పులో తప్పు దొర్లిందో, ఆ దారి మూసుకుపోతుంది, దిద్దుబాటు పంపడానికి వేరే దారి ఉండదు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం అన్న మన నానుడికి ఇంతకంటే అచ్చమైన ఉదాహరణ నాకు దొరకలేదు. ఈ విద్య యాభై ఏళ్ల చరిత్రను ఆ ఒక్క సామెత చుట్టూ చెప్పుకోవచ్చు.

కథ రూటరు అన్న పేరు స్థిరపడక ముందే మొదలవుతుంది. 1969లో అమెరికా రక్షణశాఖ పరిశోధన సంస్థ కోసం ఆర్పానెట్ అనే జాలాన్ని నిర్మించినప్పుడు, ఈ కూడలి పనికి ఐఎంపీ అనే యంత్రాలను మసాచుసెట్స్ రాష్ట్రంలోని బీబీఎన్ సంస్థ తయారుచేసింది. హనీవెల్ కంపెనీ కంప్యూటరు మీద నడిచే ఆ యంత్రాల జ్ఞాపకశక్తి కేవలం 12 వేల పదాలు. మొదటిది ఆ ఏడు ఆగస్టు చివర కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి, అంటే దేశానికి ఆ కొసకు చేరింది. తయారుచేసినవారు ఒక తీరాన, యంత్రం మరో తీరాన! కార్యక్రమం మార్చవలసిన ప్రతిసారీ రంధ్రాల కాగితపు చుట్టను పంపించి, అక్కడి మనిషి చేత యంత్రానికి తినిపించడం ఎన్నాళ్లు సాగుతుంది? అందుకే కొద్ది కాలానికే జాలం ద్వారానే కొత్త కార్యక్రమాన్ని పంపే పద్ధతి కనిపెట్టారు. ఒక యంత్రంలో కార్యక్రమం చెడిపోతే, అది పొరుగు యంత్రాన్ని అడిగి మంచి ప్రతిని తెప్పించుకునే ఏర్పాటు కూడా చేశారు. ఇరుగింటి తాళపత్రం చూసి మన గ్రంథంలోని లోపాలను పూరించుకోవడం వంటిది ఇది.

ఆ ఏర్పాటుకు అగ్నిపరీక్ష 1980 అక్టోబరు 27న ఎదురయింది. ఒక యంత్రంలోని దోషం వల్ల కొన్ని అంకెలు జారిపోయి, ఒకే యంత్రం పేరిట మూడు వార్తలు బయలుదేరాయి. వాటి వరుస సంఖ్యలు ఎలా కుదిరాయంటే మొదటిదాని కంటే రెండవది కొత్తది, రెండవదాని కంటే మూడవది కొత్తది, మూడవదాని కంటే మళ్లీ మొదటిది కొత్తది! కొత్త వార్త వస్తే పాతదాన్ని వదిలి అందరికీ చెప్పాలన్నది నియమం కాబట్టి, యంత్రాలన్నీ ఆ మూడింటినీ తిప్పి తిప్పి ఒకదానికొకటి చెప్పుకుంటూనే ఉండిపోయాయి. తక్కిన పనులకు వ్యవధి లేకపోయింది. జాలం కొన్ని గంటలపాటు స్తంభించింది. ఆ పేరిట వచ్చే వార్తలను పట్టించుకోవద్దని ప్రతి యంత్రంలోనూ చిన్న అతుకు వేస్తే గాని అది తేరుకోలేదు. ఎరిక్ రోజెన్ రాసిన వివరణ 1981లో ఆర్‌ఎఫ్‌సీ 789గా వెలువడింది. ఏది సరికొత్త పాఠమో తేల్చలేకపోవడం ఎంత ప్రమాదమో చెప్పే పత్రం అది. దాన్ని నేను రెండుసార్లు చదివాను.

తరువాతి ఘట్టం అంగడిలో దొరికే రూటర్లది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన లెనార్డ్ బోసాక్, శాండీ లెర్నర్ దంపతులు 1984 డిసెంబరులో సిస్కో కంపెనీని స్థాపించారు. వారి రూటరులో అమరిక రెండు చోట్ల ఉంటుంది. ఒకటి నడుస్తున్న అమరిక. మనం ఇచ్చిన ఆదేశం అక్షరం పడగానే అమలులోకి వస్తుంది, విద్యుత్తు పోతే చెరిగిపోతుంది. రెండవది ఆరంభ అమరిక. విద్యుత్తు పోయినా చెరగని జ్ఞాపకంలో ఉంటుంది, యంత్రం మళ్లీ లేచినప్పుడు దాన్ని చదువుకొని నడుస్తుంది. ఒకటి పలక మీది రాత, రెండవది పుస్తకంలోని రాత అనుకోండి. పలక మీద రాసింది పుస్తకంలోకి ఎక్కించడం మరచిపోయిన ఉద్యోగి మార్పులు, ఎప్పుడో ఒక రాత్రి కరెంటు పోయి వచ్చేసరికి మాయమయ్యేవి. అయితే ఈ రెండు రాతల మధ్య ఎడమే తరువాత ఒక రక్షణ కూడా అయింది. ఆ సంగతి ముందు చెబుతాను.

రూటర్లు నాలుగు ఉన్నంతకాలం, ఉద్యోగి టెల్నెట్ ద్వారా ఒక్కొక్కదానిలోకి ప్రవేశించి, అమరికను తెర మీదికి రప్పించి, దాచుకునేవాడు. లేదా టీఎఫ్‌టీపీ అనే అతి సరళమైన పద్ధతిలో రూటరు చేతనే ఆ పాఠాన్ని ఒక కంప్యూటరుకు పంపించేవాడు. 1981 నాటి ఆ పద్ధతిలో సంకేతపదం అడగడమన్నదే లేదు. నాలుగు నాలుగు వందలయ్యాక ఇది మనిషి చేయగల పని కాలేకపోయింది. 1988లో వచ్చిన ఎస్‌ఎన్‌ఎంపీ అనే నిర్వహణ పద్ధతి ఈ బరువు మోస్తుందని ఆశించారు. యంత్రాల ఆరోగ్యం కనిపెట్టి ఉండడానికి అది బ్రహ్మాండంగా పనికివచ్చింది. అమరికలు మార్చడానికి మాత్రం ఉద్యోగులు దాన్ని నమ్మలేదు. వారు మనుషులు చదవగల పాఠాన్నే నమ్మారు.

అప్పుడు చిత్రమైన ఉపాయం ఒకటి దొరికింది. యంత్రం మనిషితో మాట్లాడడానికే తయారైంది కదా, మనిషి స్థానంలో మరో యంత్రాన్ని కూర్చోబెడితే సరి! 1990లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో పనిచేస్తున్న డాన్ లీబ్స్ 'ఎక్స్‌పెక్ట్' అనే సాధనాన్ని ప్రకటించాడు. బర్క్‌లీ ఆచార్యుడు జాన్ ఔస్టర్‌హౌట్ రూపొందించిన టికిల్ భాష దానికి ఆధారం. దాని తీరు నాటకంలో పాత్రధారి తీరే. ఎదుటి పాత్ర 'నీ పేరేమి?' అనేవరకు ఆగుతుంది, అనగానే పేరు చెబుతుంది. 'రహస్యపదం?' అనేవరకు ఆగుతుంది, అనగానే అది చెబుతుంది. ఎదుటివారు తన పాఠంలో లేని మాట అన్నారో, పాత్రధారి తెల్లమొహం వేస్తాడు. కొత్త సాఫ్ట్‌వేరులో ఒక్క అక్షరం మారినా స్క్రిప్టు అర్ధరాత్రి నిలిచిపోయేదట. అయినా లోకం దాన్ని అక్కున చేర్చుకుంది. రూటరులో ఏ మార్పూ చేయకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టే వాడుకోవచ్చు కదా!

ఎక్స్‌పెక్ట్ పునాది మీద 1990ల ద్వితీయార్ధంలో 'రాన్సిడ్' వెలిసింది. పాతబడి వాసన వేసే నూనెకు ఇంగ్లీషువారు వాడే విశేషణం అది. పొడుగాటి పేరులోని అక్షరాలను ఏరి, పరిహాసంగా అలా కుదించారు. అది చేసే పని మాత్రం శుద్ధమైనది. నిర్ణీత వేళకు ప్రతి రూటరులోకీ ప్రవేశించి, అమరికను చదివి, సీవీఎస్ అనే ప్రతుల భాండాగారంలో భద్రపరుస్తుంది. నిన్నటి పాఠానికీ ఈనాటి పాఠానికీ భేదం ఉంటే, చేరిన పంక్తికి ముందు కూడిక గుర్తు, పోయిన పంక్తికి ముందు తీసివేత గుర్తు పెట్టి సిబ్బందికి ఉత్తరం పంపుతుంది.

మిత్రులారా, దీన్నే మేము పాఠాంతర పట్టిక అంటాము. సి. పి. బ్రౌన్ ఒకే కావ్యానికి పలు ప్రతులు సేకరించి, పండితుల చేత పోల్పించి, శుద్ధప్రతి రాయించిన పద్ధతి తెలుగువారికి కొత్త కాదు. రాన్సిడ్‌లో పండితులు మెచ్చే మరొక గుణం కూడా ఉంది. రూటరు తనంతట తాను క్షణక్షణం మార్చుకునే గడియారపు సవరణ వంటి పంక్తులను అది వడగట్టి పారేస్తుంది. అలా చేయకపోతే ప్రతి గంటకూ ఒక భేదం కనిపించి, పది రోజుల తరువాత ఆ ఉత్తరాలను ఎవరూ విప్పి చూడరు. లేఖకుడి అలవాటు వల్ల వచ్చిన భేదాన్నీ, అర్థం మార్చే భేదాన్నీ విడదీయడమే పరిష్కర్త చేసే పనిలో సగం.

ఇక్కడ ఒక చిక్కు పొంచి ఉంది. వందల రూటర్లలోకి ప్రవేశించే స్క్రిప్టు చేతిలో వందల తాళంచెవులు ఉండాలి. టెల్నెట్‌లో ఆ రహస్యపదాలు దారి పొడుగునా బట్టబయలుగా పోయేవి. ఫిన్లండులోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయపు జాలంలో ఎవరో అలా పదాలను దొంగిలించగా, అక్కడి పరిశోధకుడు టాటు యిలోనెన్ 1995లో ఎస్‌ఎస్‌హెచ్ అనే గుప్తమార్గాన్ని సృష్టించాడు. దారి భద్రమయింది గాని, తాళంచెవుల గుత్తీ, ప్రతుల భాండాగారమూ ఒక్కచోటే ఉంటాయి కదా. అమరిక ప్రతి అంటే ఇంటి పటం. ఎవరిని ఎక్కడ ఆపుతారో, ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో అందులో రాసి ఉంటుంది. ప్రతి ఎత్తినవాడికి దాన్ని కాపాడే బాధ్యత కూడా ఉంటుందన్నమాట.

ఇంతవరకూ చెప్పుకున్నది ప్రతి ఎత్తడం గురించే. ఆ విద్య 1990ల చివరికే చాలావరకు స్థిరపడింది. అసలు కష్టం దిద్దడంలో ఉంది. ఒక ఉదాహరణ చెబుతాను. ఎవరిని రానివ్వాలో చెప్పే పట్టికను యాక్సెస్ లిస్టు అంటారు. సిస్కో రూటరులో దానికి ఒక నియమం ఉంది. పట్టికలో పేరు లేని వారందరూ నిషిద్ధులే. దూరాన ఉన్న ఉద్యోగి పాత పట్టికను తుడిచి, కొత్త పట్టికను పంక్తి తరువాత పంక్తిగా పంపడం మొదలుపెడతాడు. మొదటి పంక్తి చేరగానే పట్టిక పుట్టింది, దానితోపాటే నియమమూ అమలైంది. ఆ మొదటి పంక్తిలో తన పేరు లేకపోతే, రెండవ పంక్తి పంపేలోగా ఉద్యోగి స్వయంగా నిషిద్ధుడైపోతాడు. పట్టిక ఆసాంతం నిర్దుష్టంగా ఉన్నా, వరుసగా రాసే క్రమంలోనే కొమ్మ తెగుతుంది.

అనుభవజ్ఞులు దీనికి రెండు ఉపాయాలు పట్టారు. మార్పులన్నీ ఒక ఫైలులో రాసి, రూటరు చేత ముందు దాన్ని పూర్తిగా తెప్పించి, ఆ తరువాతే అమలు చేయించడం ఒకటి. దీనిలోనూ ఒక మెలిక ఉంది. అలా తెచ్చిన పాఠం పాతదానికి కలుస్తుందే గాని, పాతదాన్ని తీసివేయదు. దాచిన ప్రతిని పంపినంత మాత్రాన రూటరు నిన్నటి స్థితికి వెళ్లదు. నిన్నటి పంక్తులూ ఇవాళ్టి తప్పు పంక్తులూ కలిసి కూర్చుంటాయి. రెండవ ఉపాయం మరీ ముచ్చటైనది. మార్పు మొదలుపెట్టే ముందే, 'పది నిమిషాల తరువాత నిన్ను నువ్వు ఆపుకొని తిరిగి లే' అని రూటరుకు చెప్పి ఉంచడం. మార్పు సవ్యంగా జరిగితే ఆ ఆజ్ఞను రద్దుచేసి, పలక మీది రాతను పుస్తకంలోకి ఎక్కిస్తారు. దారి తెగిపోతే ఏమీ చేయనక్కరలేదు. పది నిమిషాలకు రూటరు నిద్రలేచి, పుస్తకంలోని పాత రాతను చదువుకుంటుంది. ఇందాక ఎడం అన్నానే, అదే ఇక్కడ రక్షించింది.

ఐఐటీ కాన్పూరులో చదివిన ప్రదీప్ సింధు 1996లో స్థాపించిన జూనిపర్ కంపెనీ, 1998లో వెలువరించిన తన రూటర్లతో ఈ ముచ్చటను క్రమంగా శాస్త్రంగా మలిచింది. అందులో ఆదేశాలు రాయగానే అమలు కావు. అవి ఒక చిత్తుప్రతిలో చేరుతాయి. అంతా రాసి, సరిచూసుకొని, 'ఇక అమలు' అంటే ఒక్కసారిగా అమలవుతాయి. 'అమలు చేయి, కానీ పది నిమిషాలలో నేను ఖాయం చేయకపోతే వెనక్కి తీసుకో' అనే ఆదేశమూ ఉంది. ఇప్పటి రూపంలో అది 50 పాఠాల వరకు తనలోనే దాచుకుంటుంది. సిస్కో కూడా తరువాత తన సాఫ్ట్‌వేరులో, పాత ప్రతిని మొత్తంగా ప్రతిక్షేపించే ఆదేశాన్నీ, గడువు ముగిస్తే వెనక్కి తిప్పే ఏర్పాటునూ చేర్చింది.

2002 జూన్‌లో వర్జీనియా రాష్ట్రంలోని రెస్టన్ పట్టణంలో, అంతర్జాల నిర్మాణ మండలి ఆధ్వర్యంలో జాలాలను నడిపేవారూ, ప్రమాణాలు రాసేవారూ ఒకచోట కూర్చున్నారు. నడిపేవారు కోరినవి ఎంత సాదా కోరికలో చూడండి. మనిషి రాసిన అమరికనూ, యంత్రం తనంతట చెప్పే స్థితిగతులనూ విడదీయండి. అమరికను మొత్తంగా బయటికి తీసే, మొత్తంగా తిరిగిపెట్టే దారి చూపండి. రెండు ప్రతులను పోల్చుకోనివ్వండి. ఆ చర్చల సారం 2003లో ఆర్‌ఎఫ్‌సీ 3535గా వచ్చింది. దాని ఫలంగా 2006 డిసెంబరులో నెట్‌కాన్ఫ్ అనే ప్రమాణం వెలువడింది. గడువులోగా ఖాయం చేయకపోతే వెనక్కి పోయే ఏర్పాటు అందులోనూ ఉంది. ఆ గడువు, వేరుగా చెప్పకపోతే, 600 సెకన్లు. అవే పది నిమిషాలు!

2010 తరువాత పైథాన్ భాషలో నెట్‌మీకో, వందల యంత్రాలను ఒక్కసారి శాసించే ఆన్సిబుల్ వంటి సాధనాలు వచ్చాయి. వాటితో ఒక తలకిందులు వ్యవహారం జరిగింది. పూర్వం రూటరులో ఉన్నది మాతృక, భాండాగారంలో ఉన్నది ప్రతి. ఇప్పుడు చాలాచోట్ల భాండాగారంలో ఉన్నదే మాతృక, రూటరులో ఉన్నది దాని ప్రతి. ఉద్యోగి రూటరును ముట్టడు. మాతృకను దిద్దుతాడు, దాన్ని మరొకరు చదివి ఒప్పుకుంటారు, స్క్రిప్టు వెయ్యి రూటర్లకు ఎక్కిస్తుంది. ఇది గొప్ప సౌకర్యం. అయితే పూర్వం ఒక తప్పు ఒక కొమ్మను నరికేది. ఇప్పుడు ఒకే వేటుకు చెట్టంతా కూలగలదు.

2021 అక్టోబరు 4న అదే జరిగింది. ఫేస్‌బుక్ సంస్థలో మామూలు నిర్వహణ పనిలో భాగంగా, తమ వెన్నెముక జాలపు సామర్థ్యాన్ని అంచనా వేయడానికి ఇచ్చిన ఒక ఆదేశం, ఆ వెన్నెముకలోని కలయికలన్నిటినీ తెంపివేసింది. అటువంటి ఆదేశాలను ఆపవలసిన తనిఖీ సాధనంలోనే దోషం ఉండడంతో అది ఆపలేకపోయింది. మనకు అప్పుడు రాత్రి తొమ్మిది దాటింది. మన ఇళ్లలో వాట్సాప్ మూగబోయి, అమెరికాలోని పిల్లలకు పంపిన సందేశాలు చేరక, ఫోనే పాడయిందనుకున్నవారెందరో! బాగుచేయడానికి ఇంజనీర్లకు మామూలు దారి లేదు. ఆపత్కాలానికని ఉంచిన వేరే జాలమూ పనిచేయలేదు. మనుషులు స్వయంగా ఆ భవనాలకు వెళ్లవలసి వచ్చింది. సుమారు ఆరు గంటలు పట్టింది.

మరుసటి ఏడు 2022 జూలై 8న కెనడాలో రోజర్స్ సంస్థ జాలం కూలింది. ఆధునికీకరణలో భాగంగా రూటర్ల అమరికలో వడపోత నియమాన్ని తీసివేయగా, దారుల సమాచారం వరదలా వచ్చిపడి కీలక రూటర్లు నిలిచిపోయాయి. కోటీ ఇరవై లక్షలకు పైగా ఖాతాదారులకు ఇంచుమించు 26 గంటలు సేవలు లేవు. ఎందరో అత్యవసర సహాయపు నంబరు 911కు కూడా ఫోను చేయలేకపోయారు. నిర్వహణ మార్గం కూడా ఆ కూలిన జాలం మీదే ఆధారపడడం వల్ల, కారణం పట్టుకోవడానికే సిబ్బందికి 14 గంటలు పట్టిందని తరువాతి విచారణ నివేదిక తేల్చింది. ప్రాణాపాయంలో ఉన్న ఇంటిలో ఫోను మోగకపోవడానికి మూలం, ఎక్కడో ఒక పాఠంలో ఎగిరిపోయిన పంక్తి.

ఈ రెండు సంఘటనలలోనూ ప్రతులు లేకపోవడం అసలు కష్టం కాదన్నది గమనించాలి. ప్రతిని రూటరు దాకా చేర్చే దారి లేకపోవడమే కష్టం. వెనకటి తరం వారు రూటరుకు వెనుకనున్న కన్సోలు రంధ్రానికి ఒక మోడెమ్ తగిలించి, దానికి వేరుగా టెలిఫోను తీగ ఇచ్చేవారు. జాలం మొత్తం పడిపోయినా, మామూలు ఫోను మీద ఆ రూటరును పలకరించవచ్చు. నెలల తరబడి ఆ తీగతో పని ఉండదు, బిల్లు మాత్రం వస్తూనే ఉంటుంది. ఖర్చు తగ్గించమన్నప్పుడు ముందుగా కళ్లబడేది అదే. ఆ తీగ అక్కరకు వచ్చే రాత్రి ఏదో ఏ లెక్కల పుస్తకమూ చెప్పదు.

మీలో ఈ వృత్తిలో ఉన్నవారికి ఈ చరిత్ర చదివిన తెలుగు మాస్టారుగా ఒక్క ప్రశ్న వేసి ఈ టపా ముగిస్తాను. మీ దగ్గర ప్రతులున్నాయని నాకు తెలుసు. వాటిలో ఒకదాన్ని, జాలమే లేదనుకొని, తిరిగి యంత్రంలోకి ఎక్కించి చూసి ఎన్నాళ్లయింది?